పెద్దయ్యవారి నీడ కొయ్య

బడిపంతులు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ఇన్‌స్పెక్షనంటే మీకు భయం వేసేది కాదా అమ్మమ్మా?" అని. వెయ్యకేం, కాళ్లు వణికేవి. నా మొదటి ఇన్‌స్పెక్షన్‌లోనైతే ఆ వణుకులోనే ఒక పచ్చి అబద్ధం ఆడేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు రాదు సరిగదా, నవ్వు వస్తుంది. మీకు పనికొచ్చే నీతి ఇందులో ఏదైనా ఉంటే మీరే వెతుక్కోండి. నాకైతే దొరకలేదు.

యాభైల నాటి సంగతి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి వెళ్లింది, మద్రాసు ఇక్కడే ఉండిపోయింది, మద్రాసుతోపాటు మేమూ ఉండిపోయాం. తొండియార్‌పేటలో హార్బరు పనివాళ్ల ఇళ్ల మధ్య ఒక చిన్న తెలుగు బడి ఉండేది. పెంకుల కప్పు, వెనకవైపు పొడుగాటి వసారా, దాన్ని ఆనుకుని సిమెంటు చేసిన పెరడు. మూడో తరగతికి నన్ను తీసుకున్నారు. తీసుకున్నారంటే, ఏడాదిపాటు చూసి, ఇన్‌స్పెక్టరు సరేనంటే ఉంచుకుంటామని, లేకపోతే పొమ్మంటామని ముందే చెప్పారు. మా నాన్నకు హార్బరులో సరుకు పెట్టె మీదపడి కాలు విరిగింది. తమ్ముళ్లు ఇంకా చదువుకుంటున్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా ఉద్యోగం ఖాయం కావాలి, అంతే.

నేను పోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. మా హెడ్మాస్టరుగారి మేనల్లుడు. ట్రైనింగు పూర్తి చేసుకుని ఖాళీగా ఉన్నాడు. సాయంత్రం షికారుకు బయల్దేరి, మా బడి గేటు దగ్గర ఆగి, మూడో తరగతి గదిలోకి తొంగిచూసి, నా కుర్చీ క్షేమంగా ఉందని తెలుసుకుని వెళ్లేవాడు. మర్యాదస్తుడే పాపం, నాకు నమస్కారం కూడా పెట్టేవాడు.

హెడ్మాస్టరుగారిని పిల్లలూ మేమూ పెద్దయ్యవారు అనేవాళ్లం. తాతల నాడే నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం. పంచె మీద కోటు, కోటు జేబులో పొడుం డబ్బా. మంచి మనిషి, కానీ ఇన్‌స్పెక్షన్ అనగానే ఆయనలో ఒక నాటకాల కాంట్రాక్టరు మేల్కొనేవాడు. మా బడిలో దీనికొక పద్ధతే ఉండేది. భూమి, సూర్యుడు, దిక్కులు అని ఒక పాఠం. ఏళ్ల తరబడి ఇన్‌స్పెక్టర్లందరికీ అదే పాఠం. మొదటి వరసలో మొదటివాడు "నారింజపండులాగా గుండ్రంగా ఉంటుంది సార్" అనాలి. రెండోవాడు "తన చుట్టూ తాను తిరుగుతుంది సార్" అనాలి. మూడోవాడిది చంద్రుడు. అలా చివరి బెంచీ దాకా ఎవరి జవాబు వాళ్లకు పంచిపెట్టేవారు. ఎవడికైనా జ్వరం వచ్చి రాకపోతే ఆ రోజు భూమి తిరగడం ఆగిపోయేది.

పాఠానికి ముగింపు పెరట్లో. పెరడు నడుమ ఒక మనిషెత్తు సరుగుడు కొయ్య పాతించి, దాని మొదలు నుంచి ఉత్తరానికి సిమెంటు మీద తెల్ల రంగుతో ఒక గీత గీయించారు పెద్దయ్యవారు. గీత పక్కనే అందమైన అక్షరాలతో "మధ్యాహ్నపు నీడ" అని రాయించారు. సరిగ్గా మధ్యాహ్నం గంట కొట్టే వేళకు ఇన్‌స్పెక్టరును అక్కడికి నడిపిస్తారు. కొయ్య నీడ వచ్చి గీత మీద పడుకుంటుంది. "మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది?" అని టీచరు అడుగుతుంది. "ఉత్తరానికి!" అని తరగతి అంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి భోజనానికి వెళతాడు.

ఇందులో ఒక కిటుకు ఉంది, అది పెద్దయ్యవారికే తెలియదు. ఇన్‌స్పెక్షన్లు ఎప్పుడూ డిసెంబరు, జనవరుల్లోనే జరిగేవి. ఎండాకాలం బడికి సెలవులు. బడి తెరిచాక జూన్, జూలైల్లో మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు అన్నానికి ఇళ్లకు పరుగెత్తుతారు, పెద్దయ్యవారు అన్నం తిని కునుకు తీస్తారు. ఆ వేళకు కొయ్య ఏం చేస్తోందో చూసే తీరిక ఎవరికుంది?

ఆ ఏడు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, రాష్ట్రం విడిపోయినా ఏ కారణం చేతో ఇక్కడే ఉండిపోయారు. చలికాలం దాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. జూలైలోనే వస్తున్నానని కబురు పంపారు. పెద్దయ్యవారు పొడుం రెండుసార్లు పీల్చి, "మన పాఠం రెడీగానే ఉండాది కదమ్మా, భయమెందుకు?" అన్నారు.

రిహార్సలు మొదలుపెట్టాను. నారింజపండూ చంద్రుడూ సాఫీగానే జరిగాయి. మధ్యాహ్నం గంట వేళ పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్లి, కొయ్య దగ్గర నిలబడి, "నీడ ఎటు పడుతుంది?" అన్నాను. "ఉత్తరానికి!" అని అరిచారు. కిందికి చూశాను. తెల్లగీత ఎండలో తళతళ మెరుస్తోంది. దాని మీద నీడ లేదు. నీడ కొయ్యకు అవతలి పక్క, జానెడంటే జానెడు, దక్షిణానికి తిరిగి కూర్చుని ఉంది.

పెద్దయ్యవారిని కునుకులోంచి లేపి తీసుకొచ్చాను.

ఆయన కొయ్య చుట్టూ తిరిగారు. "ఎవురమ్మా దీన్ని పీకి నాటింది?"

"ఎవురూ ముట్టుకోలేదు అయ్యవారూ."

"మరి నీడ ఆడెందుకు పోయింది?"

"సూర్యుడే అటు పోయినట్టుండాడు."

"చుమ్మా, ఊరికే ఉండమ్మా! ఇన్నేళ్లుగా లేంది ఇప్పుడెందుకు పోతాడు?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పెద్దయ్యవారు పొద్దున్నే స్నానం చేసి సంధ్యవార్చనిదే కాఫీ ముట్టరు. సంకల్పంలో ఆరు నెలలు "ఉత్తరాయణే" అనీ, ఆరు నెలలు "దక్షిణాయనే" అనీ నోరారా చెప్పుకుంటారు. సూర్యుడు అటూ ఇటూ నడుస్తాడని దేవుడి ముందు ఒప్పుకున్న మనిషే, కోటు తొడుక్కుని బడికి వచ్చాక మాత్రం సూర్యుణ్ణి దక్షిణం వదిలి కదలనిచ్చేవారు కాదు. ఆయన్ని అనడం కాదు, నేనేం తక్కువ తిన్నాను? అదంతా ట్రైనింగులో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. దానికీ తొండియార్‌పేట పెరడుకూ ఏదో సంబంధం ఉందని కొయ్య ముందు నిలబడేదాకా తోచలేదు.

"పాఠం మారుద్దాం అయ్యవారూ, నీడ దక్షిణానికని చెప్పిద్దాం" అన్నాను.

"గీత గీసి, అక్షరాలు రాసి పెట్టినాము. కొత్తాయన చూసి నవ్వడా?" అన్నారు. కొంతసేపు ఆలోచించి, గడ్డం నిమురుకుని, కొయ్యను రెండు చేతులతో పట్టుకుని ఉత్తరం వైపు నొక్కారు. అది కొంచెం వంగింది. నీడ కొస కూడా కొంచెం కదిలింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకా నొక్కారు. నీడ కొయ్య మొదలు దాటి ఇటువైపు వచ్చి, తెల్లగీత మీదికి ఎక్కింది. గీత చివరిదాకా పోవాలంటే కొయ్యను దాదాపు పడుకోబెట్టాలి. కాబట్టి సగం గీతతో రాజీ పడ్డాం. కొయ్య మొదల్లో రాళ్లు కూరి, వంపు కనబడకుండా రెండు పూలకుండీలు పెట్టారు.

"తుఫానుకి వంగిన కొబ్బరిచెట్టు మాదిరి ఉండాది అయ్యవారూ. అడిగితే ఏం చెప్పేది?"

"సముద్రపు గాలమ్మా. ఈడ గాలికి అన్నీ వంగుతాయి" అన్నారు పెద్దయ్యవారు. చేతులు దులుపుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఇంకొకటి. ఆ పిల్లని మాత్రం ఆరోజు బడికి రావద్దని చెప్పు" అన్నారు.

ఆ పిల్ల అంటే మాకందరికీ తెలుసు. హార్బరులో లారీ తోలేవాడి కూతురు. రెండు జడలు, ముందు పళ్లు లేవు, నోటికి మూత లేదు. భూమి తిరుగుతుంటే బావిలో నీళ్లెందుకు ఒలకవని మొదటి రోజే నన్ను నిలదీసింది. రావద్దని చెప్పాను. "ఎందుకు టీచర్?" అంది. "ఊరికే, రెస్టు తీసుకో" అన్నాను. ఇన్‌స్పెక్షన్ రోజు తలకు నూనె పెట్టుకుని, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, గేటు తియ్యకముందే వచ్చి నిలబడింది.

ఇన్‌స్పెక్టరుగారు కోటు, తలపాగాతో వచ్చారు. మూడో తరగతిలో కూర్చోగానే ముందు వరసలో మొదటివాణ్ణి దగ్గరికి పిలిచి, బుగ్గ గిల్లి, "నీ పేరేంటి నాయనా?" అన్నారు.

"నారింజపండులాగా గుండ్రంగా ఉంటుంది సార్" అన్నాడు వాడు.

ఆయన కాసేపు వాణ్ణే చూసి, రెండోవాడి వైపు తిరిగి, "ఏంటి, వీడి పేరు నిజంగా అదేనా?" అన్నారు.

"తన చుట్టూ తాను తిరుగుతుంది సార్."

నేను కళ్లు మూసుకున్నాను. మా నాన్న కాలూ, ఇంట్లో పొయ్యీ, గేటు దగ్గర నమస్కారం పెట్టే మేనల్లుడూ వరసగా కళ్లకు కట్టారు. పెద్దయ్యవారు గబగబా అడ్డం వచ్చి, "సార్, టైమవతా ఉండాది, పెరట్లో నీడ పాఠం చూద్దురుగాని రాండి" అని ఆయన్ని బయటికి లాక్కుపోయినంత పని చేశారు.

జూలై ఎండకు సిమెంటు పెనంలా కాలిపోతోంది. చెప్పుల్లేని పిల్లలు ఒంటికాలి మీద గెంతుతున్నారు. ఇన్‌స్పెక్టరుగారు కొయ్యకు పక్కనే నిలబడి దాన్ని ఎగాదిగా చూశారు.

"ఏవండీ, ఇదెందుకిలా ఒరిగిపోయింది?"

"గాలికి సార్" అన్నారు పెద్దయ్యవారు.

"అలాగా" అని ఊరుకున్నారాయన. నాకు ప్రాణం లేచివచ్చింది. "మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది?" అని అడిగాను. "ఉత్తరానికి!" అని బడి పెంకులు ఎగిరేలా అరిచారు. నీడ బుద్ధిగా తెల్లగీత మీద పడుకుని ఉంది. పెద్దయ్యవారు పొడుం డబ్బా తీశారు.

ఇన్‌స్పెక్టరుగారు తల ఊపుతూ సరదాకి, "మరి నా నీడ ఎటు పడిందర్రా?" అన్నారు.

"ఉత్తరానికి!" అని మళ్లీ అరిచారు పిల్లలు, ఆయన కాళ్ల వంక చూడనైనా చూడకుండా. ఆ పిల్ల మాత్రం చూసింది. ఆయన తలపాగా నీడ ఆయన చెప్పుల ముందు, ఎదురు దిక్కున పడి ఉంది.

"సార్, మీ నీడ ఆ పక్క పోతా ఉండాది, కొయ్య నీడ ఈ పక్క పోతా ఉండాది" అంది. తర్వాత ఎందుకైనా మంచిదని తన నీడ చూసుకుని, పెద్దయ్యవారి నీడా చూసి, "అందరి నీడా ఆ పక్కనే సార్. కొయ్యకొక్కటే వేరే సూర్యుడు" అంది.

ఇన్‌స్పెక్టరుగారు తన నీడ చూసుకున్నారు. కొయ్య నీడ చూశారు. వంగి, పూలకుండీని పక్కకు జరిపి, రాళ్లు చూశారు. "గాలి చాలా తెలివైందే, రాళ్లు కూడా పేర్చింది" అన్నారు. ఆ గొంతులో ఇక సరదా లేదు. "ఎవరండీ దీన్ని వంచింది?"

పెద్దయ్యవారి చేతిలో పొడుం చిటికె అలాగే ఉండిపోయింది. ముక్కు దాకా పోదు, డబ్బాలోకి తిరిగి రాదు. అంత మనిషి, పిల్లల ముందు ఏం చెబుతారు?

"నేనే సార్" అన్నాను.

"ఎందుకూ?"

"పరీక్ష పెట్టేదానికి సార్. నేర్పించింది చెబుతారా, కళ్లతో చూసింది చెబుతారా అని." ఇంత అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వచ్చింది, పైగా చక్కగా వచ్చింది.

ఆయన నా వంక చూశారు. నమ్మలేదని చూపులోనే తెలుస్తోంది. "అయితే ఒక్క పిల్లే పాసయింది. బాగుంది. ఇప్పుడు నాకు పాఠం చెప్పు. చలికాలంలో ఉత్తరానికి పడే నీడ, ఇప్పుడు దక్షిణానికి ఎందుకు పడింది? చెప్పగలిగితే ఈ ఉద్యోగం చెయ్యి. లేకపోతే మానెయ్."

రిహార్సలు లేదు, జవాబు పంచిపెట్టిన వరసలు లేవు. పిల్లల్ని వసారా నీడలోకి పంపి, వాళ్లనే అడిగాను.

"సంక్రాంతికి సముద్రం ఒడ్డున నిలబడితే సూర్యుడు ఏ పక్క నుంచి లేస్తాడు?"

"హార్బరు పక్క టీచర్!" అన్నారు నలుగురైదుగురు. ఒడ్డున తిరిగే పిల్లలు కదా.

"ఇప్పుడో?"

"తిరువొత్తియూరు పక్క!" అని ఉత్తరానికి చెయ్యి చూపించారు.

"అయితే మధ్యాహ్నం కూడా ఆ పక్కనే ఉంటాడు కదా. సూర్యుడు తిరువొత్తియూరు పక్క నిలబడితే మన నీడ ఎటు పోతుంది?"

కొందరు చేతులు అటూ ఇటూ చాపి లెక్క చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే, "హార్బరు పక్క" అన్నారు. ఈసారి ఎవరూ అరవలేదు. నిజంగా ఆలోచించి చెప్పిన జవాబు అలాగే చిన్న గొంతుతో వస్తుందని నాకు ఆరోజే తెలిసింది.

"అదే దక్షిణం" అన్నాను. "సూర్యుడు ఇలా ఆరు నెలలకోసారి దారి మారుస్తాడని మన పెద్దయ్యవారు రోజూ పొద్దున దేవుడి ముందు చదువుతారు. ఇప్పుడు వెనక్కి తిరిగి దక్షిణానికి బయల్దేరాడు. అందుకే ఏం చదువుతారు అయ్యవారూ?"

"ద-దక్షిణాయనే" అన్నారు పెద్దయ్యవారు. అన్నాక ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఇన్నేళ్లుగా తాను చదువుతున్నదేమిటో ఆయనకు అప్పుడే తట్టిందని నా నమ్మకం.

"ఎందుకు మారుస్తాడు టీచర్?" అంది ఆ పిల్ల. అది అడగకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

వంగిన కొయ్య కళ్లెదురుగా ఉంది. "సూర్యుడు మారడు, మనమే" అన్నాను. "భూమి నిటారుగా నిలబడి తిరగదు. ఇదిగో, ఈ కొయ్యలాగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది. నువ్వే భూమి. తల తిరువొత్తియూరు పక్కకే వంచి పెట్టుకో, ఎటు పోయినా ఆ వంపు మార్చగూడదు." తర్వాత ధైర్యం చేసి, "సార్, మీరు కొంచెం సూర్యుడిగా నిలబడాలి, కదలగూడదు" అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు నిలబడ్డారు! ఎండలో, తలపాగాతో, నిజం సూర్యుడి కింద చెమటలు కక్కే రెండో సూర్యుడిలా. ఆ పిల్ల తల ఒక పక్కకు వంచుకుని ఆయన చుట్టూ బయల్దేరింది. కాలే సిమెంటు మీద చెప్పుల్లేని భూమి, కాలుగాలిన పిల్లిలా పరుగు పెట్టింది. హార్బరు పక్కకు వచ్చేసరికి దాని తల ఆయన పొట్ట వైపు వంగింది. "ఇప్పుడు మనముండే పక్క సూర్యుడి వైపు ఉంది. ఇది ఎండాకాలం!" అన్నాను. తిరువొత్తియూరు పక్కకు వెళ్లేసరికి తల ఆయనకు దూరంగా పోయింది. "చలికాలం!" అని పిల్లలే అరిచారు. భూమి ఆగకుండా ఇంకో రెండేళ్లు తిరిగేసి, కాళ్లు పట్టుకుని వసారాలోకి దూకింది.

ఇన్‌స్పెక్టరుగారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు. వసారాలో కుర్చీ వేయించుకుని, మంచినీళ్లు తాగి, నన్నూ పెద్దయ్యవారినీ ఎదురుగా నిలబెట్టారు.

"పాఠం బాగుంది. పరీక్ష కథే నాకు మింగుడుపడలేదు" అని పెద్దయ్యవారి వైపు తిరిగారు. "మీ మేనల్లుడట, మా ఆఫీసుకొచ్చి కనిపించాడు. పద్ధతైన కుర్రాడు. ఇప్పుడు చెప్పండి, ఈ అమ్మాయిని ఉంచమంటారా, ఆ అబ్బాయిని వెయ్యమంటారా? మీరేది చెబితే అదే రాస్తాను."

నేను నేల చూపులు చూస్తున్నాను. సొంత అక్క కొడుకు. ఇంటికి వెళితే అక్కగారికి ఏం జవాబు చెప్పుకుంటారు? ఆయన్ని తప్పుపట్టడానికి నాకేం హక్కుంది? ఇంటికి వెళ్లి అమ్మకు ఈ మాట ఎలా చెప్పాలా అని మనసులో కూడబలుక్కోవడం అప్పుడే మొదలుపెట్టేశాను.

పెద్దయ్యవారు గొంతు సవరించుకున్నారు.

"వాడు మంచోడే సార్. శానా మంచోడు. దాంతోనే వచ్చింది తిప్పలు" అన్నారు. "కొయ్య ఎవురు వంచినారని మీరు అడిగినారు కదా, ఆడ వాడే ఉండుంటే 'మా మామే సార్' అని ఠక్కున చెప్పేసుంటాడు. ఈ అమ్మాయినే ఉండనీండి సార్."

అనేశాక గానీ తానేం ఒప్పుకున్నారో ఆయనకు తెలియలేదు. నాలుక కరుచుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకూ కళ్లనీళ్లు వచ్చాయి, కానీ అవి నవ్వుతో వచ్చినవి కావు. ఆయన నవ్వుతూనే కలం తీసి రాశారు, మూడో తరగతి నాదయింది.